దాలయ్య రాయని మాట

దాలయ్య తండ్రి ఎప్పుడో సముద్రం దాటి అండమాన్‌కు వచ్చాడు. తన సొంత ఊరి పేరైనా కొడుక్కి చెప్పకుండానే పోయాడు. ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఎందుకొచ్చాడు అని అడిగే వయసు దాలయ్యకు వచ్చేసరికి చెప్పే మనిషి లేడు. తన మనవలకు ఆ వెలితి ఉండకూడదని, హట్‌బే జెట్టీలో ఓడల తాళ్లు కట్టే లస్కరుగా చేరిన ఏడాదే అతను డైరీ రాయడం మొదలుపెట్టాడు. రిటైరై పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ఫెరార్‌గంజ్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా మానలేదు.

డైరీలతో పాటు ఒక రేకుపెట్టెలో గుర్తులు దాచాడు. పాత షిప్పు టికెట్లు, సునామీకి పోయిన హట్‌బే ఇంటి తలుపు చెక్క ముక్క, పసిపిల్ల గాజులు. సునామీ రోజు జనమంతా కొండ మీదికి పరిగెత్తినప్పుడు దాలయ్య నెత్తిన ఉన్నది ఆ పెట్టే.

ఆ గాజులు కూతురు చిన్నివి. కొడుకు తిరుమలేష్ పుట్టకముందే ఆ పిల్ల జ్వరంతో పోయింది. దాలయ్య భార్య అచ్చమ్మ ఆ పెట్టెను ఎన్నడూ ముట్టుకోలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూ ఊడ్చి వదిలేసేది.

ఈ ఏడు వానలకు కప్పు కారి పెట్టెలోకి నీళ్లు దిగాయి. ఎండ కాసిన ఉదయం చూసుకుని తిరుమలేష్, అతని కూతురు ధరణి డైరీలన్నీ తెచ్చి అరుగు మీద పరిచారు. కొన్ని పేజీలు అట్టలా అంటుకుపోయాయి. దాలయ్య వాటిని గోటితో విడదీస్తూ కూర్చున్నాడు.

"ఫొటోలు తీసి ఫోన్‌లో పెట్టేద్దాం నాన్నా. బస్, ఖతం," అన్నాడు తిరుమలేష్.

"ఫోన్‌లో ఉంటే సదువుతారేట్రా మీరు?"

తిరుమలేష్ నవ్వేశాడు. ధరణి హిందీ మీడియంలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. ఒక పేజీ మీద వేలు పెట్టింది.

"చి... న్ని. తాతా, ఈ చిన్ని ఎవరు?"

గడపలో బియ్యం ఏరుతున్న అచ్చమ్మ చేట పక్కన పెట్టింది.

"సదువు," అంది దాలయ్యతో. "ఆ దినం జెట్టీ మీద పిల్ల నా ఒళ్లో ఉంటే నువ్వు పక్కన కూకుని రాసుకున్నావు. ఏటి రాసేవో ఈయేళ ఇంటాను."

దాలయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. చదివాడు.

"'చిన్నికి జ్వరం తగ్గలేదు. పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. సాయంత్రం షిప్పు ఎక్కాం. సముద్రం బాగాలేదు. తొందరగా పోనివ్వమని షిప్పు నడిపే మాస్టరును బతిమాలడానికి పైకి వెళ్లాను. దిగి వచ్చేసరికి చిన్ని లేదు. నిద్రలోనే పోయింది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ మీద దిగాం. అచ్చమ్మ పిల్లను ఎవరికీ ఇవ్వడం లేదు. నా చేతులను ఏం చేసుకోవాలో తెలియక రాస్తున్నాను.'"

అచ్చమ్మ వాకిట్లోకి చూసింది.

"నిద్దర్లో పోనేదు," అంది.

దాలయ్య తలెత్తాడు.

"నిన్ను అడిగింది. నాన్న ఏడీ అంది. పైనున్నాడమ్మా, ఓడ తోల్తన్నాడు అన్నాను. 'మా నాన్నేనా తోల్తన్నాడు' అని నవ్వింది. మరి కళ్లు తెరవనేదు."

"ఇన్నేళ్లూ నాకు సెప్పనేదేటే?"

"సెప్తే రాసేస్తావు. పెట్టిలో పెట్టేస్తావు. ఆ పిల్లది నాకు మిగిలింది ఆ మాటొక్కటే. నీ మీద కోపం కూడా ఉంది, అబద్ధమెందుకు? పిల్ల పోతే రాసుకునే మనిషి ఏం మనిషని."

దాలయ్య కళ్లజోడు తీసేశాడు. తండ్రి ఏడవడం తిరుమలేష్ అప్పుడే మొదటిసారి చూశాడు. ఏం చేయాలో తోచక వెళ్లి తల్లి పక్కన, నేల మీద కూర్చున్నాడు.

కాసేపటికి దాలయ్యే అడిగాడు. "రాయమంటావా? వద్దంటే రాయను."

అచ్చమ్మ మనవరాలి వైపు చూసింది.

"నాను పోతే ఆ మాటా పోద్ది. రాయాలి. గానీ నువ్వు కాదు. నాను సెప్తాను, పిల్ల రాస్తాది."

"హిందీలో రాయనా నాయనమ్మా? తెలుగు నాకు ఠీక్‌గా రాదు."

"చిన్ని మాటాడింది తెలుగే కదమ్మా. నెమ్మదిగానే రాయి."

ధరణి అదే పేజీ కింద, మిగిలిన తెల్లటి జాగాలో రాసింది. అక్షరం తట్టనప్పుడల్లా తాత వైపు చూసింది. అయ్యాక గట్టిగా చదివి వినిపించింది.

"నవ్విందని రాయనేదేటి?" అంది అచ్చమ్మ.

ధరణి మళ్లీ కలం అందుకుంది. 'వ'కు వత్తు ఎలా పెట్టాలో దాలయ్య డైరీల తడి అంటిన అరుగు మీద వేలితో గీసి చూపించాడు.