కుర్చీ మీద జేబురుమాలు

ఆ కుర్చీ అంచున జేబురుమాలు ఒకటి వేలాడుతోంది. ఎదురుగా ఉన్న జూదం మిషన్ తెర మీద ఎనిమిది వందల చిల్లర డాలర్లు వెలుగుతున్నాయి. మనిషి మాత్రం లేడు.

ఇంకొకరయితే ఎవరో పారేసిన గుడ్డ అనుకుని కిందికి తోసేసి కూర్చునేవారు. కృపాబాయి అలా అనుకోలేకపోయింది. పాలకొల్లు బస్టాండులో కిటికీలోంచి సీట్ల మీదికి రుమాళ్లు విసిరిన చెయ్యి ఆమెది. రుమాలు పడ్డ సీటు రుమాలు వేసినవాడిదే. దాన్ని తీసి కూర్చున్నందుకు చొక్కాలు చిరగడం కూడా కళ్లారా చూసింది. కనక ఇది పోగొట్టుకున్న డబ్బు కాదు. చోటు పట్టి వెళ్లిన డబ్బు. పట్టినవాడెవడో మనవైపువాడే.

"ఏందక్కా, గట్ల నిలబడ్డవ్?" అంటూ హైమావతి వచ్చింది.

ఇద్దరూ స్కార్‌బరోలో ఒకే అంతస్తులో ఉంటారు. పగలల్లా తలుపులు మూసి ఉండే ఆ వరండాలో తెలుగు మాట వినాలంటే కృపాబాయికి హైమావతి, హైమావతికి కృపాబాయి. వారానికోసారి వాళ్ల బిల్డింగు ముందు కేసినో బస్సు ఆగుతుంది. ముసలీ ముతకనీ ఎక్కించుకుపోయి సాయంత్రానికి దింపుతుంది. ఎక్కినవాళ్లకి ఆడుకోవడానికో కూపను, తినడానికో కూపను ఇస్తారు. అక్కడి తిండి హైమావతి ముట్టదు, ఇంటినుంచి పులిహోర డబ్బా తెచ్చుకుంటుంది. అందుకని ఆట కూపన్లు రెండూ ఆమెవి, తిండి కూపన్లు రెండూ కృపాబాయివి. మిషన్ మీద ఏనాడూ వేలు పెట్టలేదు గనక తనది జూదం కాదని కృపాబాయి దేవుడికి చెప్పుకుంది. చర్చి సంఘంలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కూతురు ఎమిలీకి సీనియర్స్ సెంటరుకి వెళ్తున్నానని చెప్పింది.

"ఎవరో మనవాళ్లు హైమా. రుమాలేసి పోయారు."

హైమావతి తెర వైపు చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. "గీ బటన్ ఒత్తితే పైసల చీటీ వస్తది. తీస్కపోయి సెక్యూరిటోళ్లకిద్దామా?"

"పేరడుగుతారు, ఐడీ అడుగుతారు. మనకెందుకొచ్చిన గొడవ? పైగా నేను మిషన్ ముట్టుకోను."

"మరి నేనొత్తాల్నా?"

అడిగినది ఉత్త మాటే. కానీ ఆమె వేళ్లు అప్పటికే సంచీ పట్టు వదిలి ముందుకొచ్చినట్టు కృపాబాయికి అనిపించింది.

"ఒద్దు."

"అయితే పోదాం పా. మనది గాని సొమ్ముకు మనమెందుకు కావలుండుడు?"

"పోతే ఆ టోపీవాడు కూర్చుంటాడు. ఇందాకట్నుంచి ఇక్కడిక్కడే గిరికీలు కొడుతున్నాడు."

టోపీవాడు నిజంగానే వచ్చి, ఖాళీయేనా అన్నట్టు కుర్చీ వైపు వేలు చూపించాడు. "మై బ్రదర్," అంది కృపాబాయి. వాడు ఆమెనూ రుమాలునూ మార్చి మార్చి చూసి, నమ్మని నవ్వొకటి నవ్వి, రెండు మిషన్ల అవతల కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ ఆడడం లేదు. తుడిచే పనమ్మాయి కూడా ఆ వరసలోనే తచ్చాడుతున్నట్టుంది. పైన కప్పు నిండా నల్లటి గాజుబుడ్డలు, కెమెరాలు. వాటికి తానెలా కనిపిస్తూ ఉంటుంది? ఒకరి డబ్బు పక్కన నిలబడి దిక్కులు చూస్తున్న ముసల్దానిలా కనిపిస్తూ ఉంటుంది.

"నువ్విక్కడే ఉండు. ఆ మనిషెక్కడున్నాడో చూసొస్తా," అని బయల్దేరింది. మగవాళ్ల బాత్రూము ముందు నిలబడింది. కాఫీల దగ్గర చూసింది. కనిపించిన ప్రతి నల్లతల వెనకా నాలుగడుగులు నడిచి వచ్చింది. నడుస్తున్నంతసేపూ మనసు మాత్రం మిషన్ దగ్గరే ఉంది. టోపీవాడి మీద కంటే హైమావతి మీదే ఎక్కువ ఉంది.

తిరిగి వస్తుంటే దూరంనుంచే కనిపించింది. హైమావతి కుర్చీ మీదికి వంగి ఉంది. ఆమె చెయ్యి బటన్ల దగ్గర్నుంచి వెనక్కి వస్తోంది. రుమాలు ఇప్పుడు కుర్చీ మధ్యలో నీటుగా పరిచి ఉంది.

కృపాబాయి ఏమీ అడగలేదు. తెర వైపు చూసింది. కళ్లద్దాలు గుమ్మం దగ్గర ఇచ్చొచ్చిన కోటులో ఉండిపోయాయి. ఎనిమిది ఒక్కటే తెలుస్తోంది, వెనకున్న అంకెలు అలుక్కుపోయాయి. ఇందాక కూడా అలాగే ఉన్నాయా?

"దొరికిండా?" అంది హైమావతి.

"లేదు."

ఆ మనిషి ఫోను చేత పట్టుకుని, భుజాల మీద మంచు కరుగుతుండగా పరుగులాంటి నడకతో వచ్చాడు. కృపాబాయిని చూసి అలవాటుగా, "వందనాలమ్మా," అన్నాడు. అన్నాక గానీ ఎక్కడున్నామో ఇద్దరికీ గుర్తు రాలేదు.

షాలేమ్ రాజు. ఓక్‌విల్ నుంచి కారులో వచ్చి, ప్రతి ఆదివారం సంఘంలో కానుకల ప్రార్థన చేసేది ఆయనే.

"సిస్టర్ గారూ, మీరేంటి ఇక్కడ?"

"తమరేంటి బ్రదర్ గారూ?"

"పాస్టర్ గారు ఫోన్ చేశారు. ఈ గంటల మోత ఆయనకి వినబడుతుందని రుమాలేసి బయటికి పరిగెత్తాను." ఆయన కుర్చీ వైపు, తెర వైపు చూశాడు. ముఖం మారింది. "ఎనిమిది వందల తొంభై ఉండాలే. ఎనిమిది వందల పదిహేనే ఉందేంటి?"

"మేం కాపలా కాశాం."

"కాశారు, కనబడుతూనే ఉంది. కంచె చేను మేసిందని పెద్దలు ఊరికే అన్నారా సిస్టర్?"

కృపాబాయి చెవులు వేడెక్కాయి. "దేవుడి తోడు, నేనా మిషన్ ముట్టుకోలేదు. మిమ్మల్ని వెతుక్కుంటూ వెళ్లాను. అప్పుడిక్కడ..." ఆగింది. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. "అప్పుడిక్కడ హైమావతి గారున్నారు."

హైమావతిని ఆమె 'గారు' అనడం అదే మొదలు.

"ఏందక్కా?" అంది హైమావతి.

"నీ చెయ్యి బటన్ల మీద ఉంది హైమా. నేను చూశాను."

షాలేమ్ రాజు ఇద్దర్నీ చూసి గొంతు తగ్గించాడు. "పోనివ్వండి. ఆ కాస్తకీ ఇప్పుడు ఐడీలూ అవీ ఎందుకు? మీరు నన్ను చూళ్లేదు, నేను మిమ్మల్ని చూళ్లేదు."

కృపాబాయికి ఆ మాట చల్లగా తగిలింది. తల ఊపబోయింది.

"మీరు మీరు సూస్కోలేదనుకోండ్రి సార్," అంది హైమావతి. "నేనైతే సూసిన. దొంగ అన్నంక ఊకె పోను." కొంగు బిగించి, అటు పోతున్న యూనిఫారం అమ్మాయిని చప్పట్లు కొట్టి పిలిచింది. ఆమెకున్న ఇంగ్లీషు కొంచెమే. కప్పు వైపు వేలెత్తి, "కెమెరా. ప్లీజ్, కెమెరా," అంది.

సూపర్వైజరొచ్చాడు. షాలేమ్ రాజు లైసెన్సు అడిగితే, ఆయన పర్సులోంచి దాన్ని పన్ను పీకినంత కష్టంగా తీశాడు. సూపర్వైజరు రేడియోలో ఎవరితోనో మాట్లాడాడు. అందరూ నిలబడ్డారు. టోపీవాడు కూడా కుర్చీ ఇటు తిప్పుకుని చూస్తున్నాడు. నువ్వు కాకూడదు హైమా, అని కృపాబాయి లోపల ప్రార్థిస్తోంది. మరుక్షణం, నువ్వు కాకపోతే నా ముఖమెక్కడ పెట్టుకోను, అనుకుంటోంది.

జవాబొచ్చింది. ఫోను మోగినప్పుడు ఈయనే, ఒక చేత్తో ఫోను తీస్తూ, రెండో చేత్తో పెద్ద పందెం బటన్ మూడుసార్లు నొక్కాడట. మూడూ పోయాయి. ఆ తర్వాత ఎవరూ బటన్ నొక్కలేదు. ఆ పెద్దావిడ కింద పడిన గుడ్డ తీసి, లేస్తూ మిషన్‌ని ఆసరాకి పట్టుకుని, గుడ్డ కుర్చీ మీద పరిచిందట. అంతే. ఈసారి లేచేటప్పుడు చీటీ తీసుకుని లేవండి, గుడ్డ వేస్తే ఇక్కడ ఎవరూ ఆగరు, అని చెప్పి సూపర్వైజరు వెళ్లిపోయాడు.

"చెయ్యి అలవాటు, చూశారా!" అని షాలేమ్ రాజు నవ్వబోయాడు. చీటీ తీసుకుని, జేబులోంచి ఇరవై కాగితం ఒకటి హైమావతి వైపు చాపాడు. "తప్పయిపోయింది తల్లీ. కాఫీకి ఉంచండి."

"కంచెకు కాఫీలెందుకు సార్," అంది హైమావతి.

బస్సులో హైమావతి ఎప్పట్లాగే పక్కనే కూర్చుంది. అందుకు కృపాబాయికి ప్రాణం లేచొచ్చింది. బస్సు హైవే ఎక్కేదాకా ఆగి, "హైమా, నా నోటికి పురుగులు పడ. నిన్ను..." అని మొదలుపెట్టింది.

"నన్నడిగితే అయిపోతుండె గదక్కా. ఆయనకెందుకు చెప్తివి?"



హైమావతి తన చేతిసంచీ జిప్పు లాగి, కృపాబాయి ఒళ్లో పెట్టి, నోరు రెండువైపులా విడదీసి పట్టుకుంది.

"సూస్కో. కెమెరా ఎంతైనా పైనుంచి సూసింది. మళ్ల ఇంటికి పోయినంక నీకు నిద్ర పట్టకుంటయితది."

"ఒద్దు హైమా. ఛ, ఒద్దు. మూసెయ్యి," అంటూనే ఉంది కృపాబాయి.

అంటూనే ఉంది గానీ, కళ్లు ఒక్కసారి సంచీలోకి వెళ్లి వచ్చాయి.

హైమావతి ఆ కళ్లనే చూస్తోంది. జిప్పు మూసి, సంచీ తీసుకుని, కిటికీ వైపు తిరిగింది.