తాయారు పెట్టించిన గుడ్లు

విజయనగరం కాలేజీలో చేపల గది తాయారుది. జీతం రాళ్లు కాలేజీవి, గది మాత్రం తనదే. ఆరేళ్లుగా తొట్లు కడిగేదీ, మేత వేసేదీ ఆమే. ఏ చేప అలిగిందో కూడా చెప్పగలదు.

ఆ వారం, అక్కడ పరిశోధన చేసే ఆశ్రితకు అన్నం సయించడం లేదు. రోగాలతో పోరాడే కణాలు పసి ఒంట్లో ఎలా తయారవుతాయో తెలుసుకోవాలని ఆ పిల్ల మూడేళ్లుగా జీబ్రా చేపలు పెంచుతోంది. పిల్లచేపల ఒళ్లు గాజులా ఉంటుంది, కోయకుండానే లోపలంతా కనబడుతుంది. ఆ కణాలు ఆకుపచ్చగా మెరిసే రకంలో ఇక మిగిలినవి నాలుగే చేపలు. అవీ ముసలివి. గుడ్లు పెట్టకుండా పోయాయంటే మూడేళ్ల పని గంగలో కలిసినట్టే.

"రోజూ సాయంత్రం జత కలుపుతున్నాను తాయారక్కా. పొద్దున్న చూస్తే ఒక్క గుడ్డూ లేదు," అంటూ ఆశ్రిత కళ్లు తుడుచుకుంది.

తాయారుది గజపతినగరం దగ్గర పల్లె. ఈ చారల చేపలు వాళ్ల మడిలో తిరిగేవే, మెరిసే సోకు లేదంతే. అవి గట్టు వారన, చీలమండ మునగని నీళ్లలో గుడ్లు పెట్టడం చిన్నప్పటినుంచీ చూసింది. ఆశ్రిత జత కలిపే పెట్టెలోనేమో అంతా ఒకటే లోతు.

జత పెట్టెలు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని ఆశ్రిత ప్రొఫెసరు భావనారాయణ సారు ఎప్పుడో చెప్పారు. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్లే ముందు పెట్టె ఒక కొస కింద పెంకు ముక్క దూర్చింది. నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి.

మర్నాడు పెట్టె అడుగున నూటికి పైగా గుడ్లు!

"ఎవరు వంచారు దీన్ని?" సారు గొంతు పెద్దదే.

"నానేనండి. మడి గట్టు నాగ సేసినాను. తప్పయితే పన్లోంచి తీసీండి."

సారు పెంకును చూశారు, గుడ్లను చూశారు. పెంకును అక్కడే ఉండనిచ్చారు.

అయిదో రోజున ఆశ్రిత మైక్రోస్కోపు ముందు స్టూలు జరిపి, "ముందు నువ్వే చూడక్కా," అంది.

వెంట్రుకంత పిల్లచేప. కంటి వెనకగా ఆకుపచ్చ చుక్క, దీపం పెట్టినట్టు.

"ఇదేనేటమ్మా రోగాన్ని తన్నీది?"

"అదే. ఆ కణాలు పోరు నేర్చుకునేది అక్కడే. మెరుస్తోందంటే మన రకం నిలిచినట్టే."

తాయారు కన్ను ఇంకా దగ్గరగా ఆనించింది.

"ఇక లే తాయారూ, నేనూ చూడాలి," అన్నారు సారు వెనక నిలబడి.

"ఉండండి సారూ," అంది తాయారు కన్ను తీయకుండానే. "నాను సూడ్డం ఇంకా అవనేదు."