దవడ జారిన ఇంటర్వ్యూ

ఒక ఆస్పత్రి ఎముకల విభాగంలో పెద్ద డాక్టరు పదవి ఖాళీ అయింది. ఆ ఆస్పత్రిలో విరిగిన కాళ్లనూ తొలగిన భుజాలనూ ఏళ్ల తరబడి సరిచేస్తున్న డాక్టరమ్మ దరఖాస్తు పెట్టుకుంది. మనిషి పొట్టి. ఆపరేషన్ బల్ల అందక పీట ఎక్కి నిలబడేది. అందుకని అందరూ పీట డాక్టరమ్మ అనేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

ఇంటర్వ్యూ గదిలో ఆస్పత్రి చైర్మన్ మధ్యలో, కళ్ల డాక్టరు, చర్మం డాక్టరు చెరో పక్కన కూర్చున్నారు. చైర్మన్ భుక్తాయాసంతో ఉన్నాడు.

"నీ పనితనానికి వంక పెట్టనమ్మా. కానీ ఎముకల పనంటే బలం కావాలి కదా. ఆడవాళ్లకి..." అంటూ నోరంతా తెరిచి ఆవలించాడు.

టక్కుమంది. తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు.

"ఆ... ఆ..." అన్నాడు.

చర్మం డాక్టరు అదేదో ముఖ్యమైన మాటనుకుని రాసుకున్నాడు. కళ్ల డాక్టరు కంగారుగా టార్చి వేసి చూసి, "కళ్లు బాగానే ఉన్నాయి సార్" అన్నాడు.

"దవడ జారింది" అంటూ లేచింది డాక్టరమ్మ. "సార్, మీ కుర్చీ నాకు ఎత్తు. కింద కూర్చుని తల గోడకి ఆనించండి."

అంత చైర్మనూ నేల మీద చతికిలబడ్డాడు. ఆమె మిగతా ఇద్దరు డాక్టర్ల చేతిరుమాళ్లు అడిగి తీసుకుని, తన బొటనవేళ్లకు చుట్టుకుంది. ఆయన వెనక పళ్ల మీద ఆనించి, దవడను కిందికి నొక్కి వెనక్కి నెట్టింది. ఎముక చోటికి చేరింది. గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా కట్టు కట్టి, పైన ముడి వేసింది. ఆ ముడి కొసలు కుందేలు చెవుల్లా నిక్కబొడుచుకున్నాయి.

"కొన్నాళ్లు నోరు పెద్దగా తెరవకండి. ఇక ప్రశ్నలు అడగండి సార్."

చైర్మన్ బేలగా చర్మం డాక్టరు వైపు చూశాడు. చర్మం డాక్టరే గొంతు సవరించుకుని, "ఎప్పుడు చేరతారు మేడం?" అన్నాడు.

చేరిన రోజే ఆమె ఒక గది ఖాళీ చేయించింది. అప్పటిదాకా ఆడ డాక్టర్లు దుప్పట్ల గదిలో బట్టలు మార్చుకునేవారు. సగం చీర విప్పేసరికి ఎవరో ఒకరు దిండు కోసం తలుపు తట్టేవారు. అది భరించలేకే ఇద్దరు అమ్మాయిలు ఎముకల విభాగం వదిలి వెళ్లిపోయారు. ఆమె కబురు పెట్టి వాళ్లను వెనక్కి పిలిపించింది. వాళ్లు కొత్త గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. ఎంతకీ బయటికి రాలేదు.

"ఏం చేస్తున్నారే లోపల?" అని అడిగింది.

"ఏం లేదు మేడం. ఊరికే కూర్చున్నాం."

"సరే, కూర్చోండి" అని ఆమె ఆపరేషన్‌కు వెళ్లింది.