జానెడు మీద బెత్తెడు

వడ్రంగి ముసలాయనకి లోకంలో అందరి ఆరోగ్యం మీదా గట్టి అభిప్రాయాలున్నాయి, ఒక్క తన ఆరోగ్యం మీద తప్ప. రోజూ పొద్దున్నే వీధి ఆ చివరనున్న అక్కకి ఫోన్ చేసి క్లాసు పీకేవాడు.

"నడుస్తున్నావా అక్కా?"

"ఎక్కడ నడవమంటావురా? మంచం చుట్టూనా?"

అక్కకి డెబ్బై ఎనిమిది. మోకాళ్ళు అరిగిపోయాయి. నడక మానేస్తే ఈ వానాకాలం దాటేలోపు మంచం పడతారని డాక్టరు తేల్చి చెప్పాడు. నిరుటి వరకు సాయంత్రమైతే చాలు, తమ్ముడింటికి వచ్చేది. సగం దారిలో ఓ చెట్టు, కింద రాతి అరుగు ఉండేవి. అక్కడ కాసేపు కూలబడి మిగతా సగం నడిచేది. రోడ్డు వెడల్పు చేసినవాళ్ళు రెండూ కొట్టేశారు. బళ్ళు హాయిగా పోతున్నాయి. ముసలి కాళ్ళు ఎక్కడ ఆగాలో ఏ మహానుభావుడూ ఆలోచించలేదు. ఎండలో సగం దారి వచ్చి, కూర్చునే దిక్కు లేక అక్క రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి గేటే తీయలేదు.

మరి తమ్ముడే వెళ్ళొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. పోయిన వానల్లో ఆయన గుమ్మం ముందు జారిపడ్డాడు. ఎముక విరగలేదు, ధైర్యం విరిగింది. అప్పటినుంచి గేటు దాటలేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఈయనకి తెలుసు, కానీ పైకి చెప్పడు. అక్కకి మాత్రం "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అని చెప్పేవాడు.

చివరికి అక్క కోసం ఓ బల్ల చేశాడు. టేపు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆయన పరువేం కాను? "అక్క కూర్చునే ఎత్తు నా చేతికి తెలుసు" అని జానెడు మీద బెత్తెడు ఎత్తు పెట్టి, అంచులన్నీ చిత్రిక పట్టాడు. సగం దారిలో ఇస్త్రీ కొట్టు నడిపే అతను వచ్చి దాన్ని మోసుకెళ్ళి కొట్టు ముందు వేశాడు.

మర్నాడు సాయంత్రం అక్క బయల్దేరింది. ముసలాయన గేటు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అంతలో ఫోన్ మోగింది. ఇస్త్రీ అతను.

"తాతా, మీ అక్కగారు కూర్చున్నారు. లేవలేకపోతున్నారు. బల్ల మరీ కిందకుంది. నేను చెయ్యిస్తానంటే వద్దంటున్నారు."

వెనకనుంచి అక్క గొంతు ఖంగుమంది. "చేసినవాడే వచ్చి లేపాలి! చెప్పు వాడికి!"

ముసలాయన తన అరచేతి వంక చూసుకున్నాడు. ఆ ఎత్తు అక్కదే, అనుమానం లేదు. కాకపోతే నలభై ఏళ్ళ కిందట వంటింట్లో పీట మీద కూర్చుని కూరలు తరిగిన అక్కది. ఆయన చేతికి అక్క వయసు పెరిగిందని ఎవరూ చెప్పలేదు.

అప్పుడే తుంపర మొదలైంది.

అక్క తడుస్తోంది. ఆ ఒక్క మాటే ఆయన కాలికి అడ్డుపడిన భయాన్ని పక్కకి నెట్టింది. గొడుగు చంకలో పెట్టుకుని, ప్రహరీ గోడలు తడుముకుంటూ, గుంటల్ని తిట్టుకుంటూ నడిచాడు. గొడుగు తెరవాలన్న సంగతి కొట్టు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది.

అక్క ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "గుండ్రాయి బాగా తడిసింది."

ఆయన నవ్వబోయాడు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయాసంతో అక్క పక్కనే కూలబడ్డాడు. ఇక ఇద్దరూ లేవలేకపోయారు. ఇస్త్రీ అతను ఒకరి తర్వాత ఒకరిని లేపి నిలబెట్టాడు. ఈసారి అక్క కాదనలేదు.

"రేపే బల్లని ఇంటికి తీసుకెళ్ళి కాళ్ళు మార్చేస్తా" అన్నాడు ముసలాయన.

"ఇంటికొద్దు. ఇక్కడికే వచ్చి ఎత్తు పెంచు. అదీ ఒక్కసారి కాదు, రోజుకి వేలి మందం."

"అది వడ్రంగమేనా అక్కా? జనం నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు గేటు దాటి ఎన్నాళ్ళయిందో నాకు తెలీదనుకున్నావా?"



మర్నాటినుంచి రోజూ సాయంత్రం, ఎండ తగ్గాక, సంచిలో సుత్తి, మేకులు, నాలుగు చెక్కముక్కలు వేసుకుని ఆయన ఈ చివరనుంచి వచ్చేవాడు. అక్క ఆ చివరనుంచి వచ్చేది. వాన పడితే ఇద్దరూ కొట్టు చూరు కిందకి జరిగేవాళ్ళు. బల్ల కాళ్ళు అతుకులతో చూడ్డానికి ఘోరంగా తయారయ్యాయి. ఆరో రోజున అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. తమ్ముడింటి దాకా నడిచి, మంచినీళ్ళు తాగి వెళ్ళింది.

ఏడో రోజు అక్క వచ్చేసరికి తమ్ముడు బల్ల పక్కన సంచి విప్పుకుని ఉన్నాడు.

"ఎత్తు సరిపోయిందిగా. మళ్ళీ ఎందుకొచ్చావు?"

"చేతులు ఆనించుకోవడానికి కొయ్యలు పెట్టాలి" అన్నాడాయన, తల ఎత్తకుండా. "దానికి చాలా రోజులు పడుతుంది."