ఉప్పలమ్మ గీసిన పటం

కులపెద్దల ముందు ఐలేశం ఆ మాట అన్నప్పుడు ఉప్పలమ్మ తలెత్తలేదు.

"దాని తొడ మీద తెల్లపొడ ఉన్నది. నాలుగేండ్ల సంది దాసిపెట్టింది. పిల్లలు గాకపోవుడు గందుకే. నాకు ఇడుపు గావాలె," అన్నాడు ఆమె మొగుడు.

కులపెద్ద బీరన్న ఇద్దరు ముసలమ్మలకు సైగ చేశాడు. వాళ్ళు ఉప్పలమ్మను గొర్ల దొడ్డిలోకి తీసుకుపోయి చీర పైకెత్తి చూశారు. బయటికి వచ్చి, "ఉన్నది. తమలపాకంత ఉన్నది," అని అందరికీ వినబడేలా చెప్పారు. అది పుట్టుమచ్చ. పెళ్ళయిన కొత్తలో దాన్ని చేత్తో తడిమి మురిసినవాడు ఐలేశమే.

ఆ పూటే విడాకులైపోయాయి. భువనగిరి బాట పక్కనున్న తల్లిగారింటికి చేరింది ఉప్పలమ్మ. ఇల్లు మారినా ఊరు అదే. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె ముఖం చూడడం మానేసి నడుము కిందికి చూసేవాళ్ళు. కల్లు దగ్గర మగవాళ్ళు తమలపాకు పేరెత్తి నవ్వుకునేవాళ్ళు. స్నానానికి కూర్చుంటే తన ఒళ్ళు తనకే పరాయిగా తోచేది.

పెద్దలు అడగని సంగతి ఒకటుంది. నాలుగేళ్ళలో ఐలేశం ఒక్కసారీ ఆమెకు మొగుడు కాలేకపోయాడు. ప్రతిసారీ గోడవైపు తిరిగి ఏడ్చేవాడు. అతని తల ఒళ్ళో పెట్టుకుని, "ఫికర్ జెయ్యకు, ఎవ్వలకు జెప్ప," అనేది ఉప్పలమ్మ. కన్నతల్లి బక్కమ్మకైనా చెప్పలేదు.

మాఘంలో ఐలేశానికి మళ్ళీ పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు పర్వతాలు, పదిహేడేళ్ళది. పెళ్ళి మగపిల్లవాడి ఇంటి దగ్గరే. ఆడపిల్లవాళ్ళ బండ్లు భువనగిరి బాటనే రావాలి.

ముందురోజు పొద్దున మగవాళ్ళు గొర్లను తోలుకుపోయాక ఉప్పలమ్మ బాటవైపు గోడను అలికింది. ఎర్రమన్ను జాజు నానబెట్టింది, సున్నం కలిపింది, మసి నూరింది. ఏటా కులకథ చెప్పడానికి వచ్చేవాళ్ళు విప్పే బొమ్మల పటాన్ని చిన్నప్పటి నుంచి చూసిన కన్ను ఆమెది. గడికో బొమ్మ. చదువు రానివాడికి కూడా కథ అర్థమవుతుంది.

మొదటి గడిలో కొత్త జంట. రెండో గడిలో మంచం మీద గోడకు తిరిగి ఏడుస్తున్న మొగుడు. ఐలేశం గొంగడి, ఐలేశం చెవిపోగు. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. ఒళ్ళో అతని తల బరువు గుర్తొచ్చింది. వెంటనే ముసలమ్మల చేతులూ గుర్తొచ్చాయి. మూడో గడిలో అదే మంచం, నాలుగో గడిలో అదే ఏడుపు. ఐదో గడిలో పెద్దలు. చివరి గడిలో దొడ్డి, దాని నడుమ తాను, గుడ్డ లేకుండా, తలెత్తి. తొడ మీది మచ్చను చిక్కటి సున్నంతో అరచేయంత పెట్టింది.

బక్కమ్మ బయటికొచ్చి గుండె బాదుకుంది. "ఏం జేస్తున్నవే? ఇజ్జత్ పోతది!"

"నాది దొడ్లనే పోయిందమ్మా. ఇగ ఆయనది పోవాలె."

మగవాళ్ళు తిరిగొచ్చేలోగా గోడకు తడకలు అడ్డం పెట్టి, మర్నాడు బండ్లు కనబడగానే తీసేసింది ఉప్పలమ్మ. బండ్లు గోడ ముందు ఆగిపోయాయి. పర్వతాలు ముసుగు తీసి బండి దిగి, గడి తరువాత గడి చూసింది. ఆమె తండ్రి గుర్వయ్య ముఖం నల్లబడింది.

"గిది నిజమేనా?" అని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్ పెద్దయ్యా?" అంది ఉప్పలమ్మ గడపలో నిలబడి. "నా ఒళ్ళు జూసినట్టే ఆయన ఒళ్ళు గూడ జూడుండ్రి. పెద్దమనుషులు ఉన్నరు గద."

కబురంది ఐలేశం బొమ్మలను పూసెయ్యడానికి సున్నం కుండతో పరిగెత్తుకొచ్చాడు. గుర్వయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అబద్ధమైతె గింత ఆగమెందుకయ్యా? చెప్పు."

ఐలేశం కుండ కింద పెట్టాడు. ఉప్పలమ్మ వైపు చూసి, "ఎవ్వలకు జెప్పనంటివి గదనే," అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. "బాపూ, బండి తిప్పు," అంది పర్వతాలు.

నెల తిరక్కముందే ఐలేశం మందను తోలుకుని కొత్తకోట దిక్కు వెళ్ళిపోయాడు. ఒకరోజు అతని తల్లి సైదమ్మ వచ్చి ఉప్పలమ్మ కాళ్ళు పట్టుకోబోయింది.

"కడిగెయ్ బిడ్డా. అది ఉన్నన్ని రోజులు నా కొడుకు ఊరికి రాడు."

"వానొస్తె అదే పోతదత్తా," అంది ఉప్పలమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంటూ. "గప్పటిదాక ఉండనియ్యి."

ఆ ఏడు వానలు చాలా ఆలస్యంగా వచ్చాయి.