తేనె తినేది

తేనె సీసా మూత బిగుసుకుపోయింది.

సీసా మెడ మీద ఒక చుక్క... జారదు, ఆరదు.

మా ఆయనది నిఘంటువు పని. ఏ మాట ఎక్కడ పుట్టిందో వెతికి చీటీల మీద రాస్తారు. వరండా నిండా చెప్పుల డబ్బాలు, డబ్బాల నిండా చీటీలు. చెప్పులు మాత్రం ఒక్కటే జత.

ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది. సాఫురాత నాది. నా డిగ్రీ అలా కలిసొచ్చింది.

ఇవాళ్టి చీటీ — ఎలుగుబంటి.

చలిదేశాల్లో దాని అసలు పేరు పలికేవాళ్ళు కాదట.

పలికితే వింటుందని. వింటే వస్తుందని.

రష్యావాళ్ళు ‘తేనె తినేది’ అన్నారు. జర్మన్లూ ఇంగ్లీషువాళ్ళూ ‘గోధుమరంగుది’ అన్నారని పండితుల ఊహ.

మనమేం తక్కువ తిన్నాం? చీకటి పడితే పాముని పురుగంటాం. మా ఆయన్ని నేను ‘ఏవండీ’ అంటాను. ఆయనేమీ కరవరు.

ఆ చలిదేశాల తాతలు పేరు దాచారు. తండ్రులు తడుముకున్నారు. మనవలకి దాచడానికి కూడా మిగల్లేదు.

అడవిలో ఎలుగుబంటి మిగిలింది. పేరు మీద మంచు కురిసింది.

నా కలం ఆగింది.

మా ఇంట్లోనూ ఒక పేరు పలకం.

మా పెద్దది. ఆరేళ్ళు. మూడు రోజుల జ్వరం.

అప్పటికి చిన్నది నా కడుపులో ఉంది. “ఆ పేరు ఇంక ఎత్తకండి. పిలిస్తే వెనక్కి వస్తుంది. వచ్చి దీన్నీ తోడు తీసుకుపోతుంది” అన్నారు అత్తగారు.

ఎత్తలేదు.

‘అది’ అన్నాం. ‘ఆ పిల్ల’ అన్నాం. కొన్నాళ్ళకి ‘అప్పుడు’ అని ఊరుకున్నాం.

తేనె సీసాలో వేలు పెట్టి నాకేది. పేరు పెట్టి మరీ తిట్టేదాన్ని.

చిన్నది వచ్చి బల్ల అంచు పట్టుకుంది. దానికిప్పుడు నాలుగు దాటాయి.

“అమ్మా, అక్క పేరేంటి?”

“అక్క అంటే చాలదూ?”

“ఎదురింట్లోనూ ఒక అక్క ఉందిగా. మన అక్క పేరు చెప్పు.”

నోరు తెరిచాను.

రాలేదు.

నేనే ఏరి పెట్టిన పేరు... మూడక్షరాలు. నాలుక తడుముకుంది. మంచు. అంతా మంచు.

ఇన్నేళ్ళూ అది వస్తుందని భయపడ్డాను. పేరే పోతుందని అనుకోలేదు.

ఆయన గుమ్మంలోకి వచ్చారు. నా మొహం చూడలేదు. చీటీ చూశారు.

“గ్రీకువాళ్ళు పాత పేరు వదల్లేదోయ్. ఆ ముక్క కూడా రాయి.”

చీటీకి చెబుతున్నట్టు, ఆ మూడక్షరాల్లో మొదటిది అన్నారు.

తర్వాతి రెండూ నేనన్నాను.

లోపల గ్లాసు కింద పడింది.

“ఎవర్నే పిలిచావు?” అత్తగారి గొంతు.

చిన్నది అప్పటికే పెరట్లో ఉంది. పేరు దొరికింది కదా, ఆటకి పిలుస్తోంది. గట్టిగా... మళ్ళీ మళ్ళీ... చెట్ల వైపు తిరిగి.

పిలిస్తే వస్తుందనే కదా, అంతమంది నోళ్ళు కట్టుకున్నారు.

వెళ్ళి చిన్నదాని చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా. దీన్ని మాత్రం ఇవ్వను.

అయినా పెరటి తలుపు వెయ్యలేదు.

ఎండలో, గడప మీద, తేనె సీసా పెట్టాను.

మెడ మీది చుక్క... జారుతోంది.