మెత్తటి దెబ్బ

ఓడిపోవడం తేలికని అనుకునేవాళ్ళు సారంగపాణిని అడగాలి. రోజూ సాయంత్రం, ఒకే మనిషి చేతిలో, ఆ మనిషికి అనుమానం రాకుండా, మూడేళ్ళ పాటు ఓడిపోవడానికి ఎంత సాధన కావాలో అతనికి తెలిసినట్టు చిత్తూరు జిల్లాలో ఇంకెవరికీ తెలియదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అతన్ని తిరుపతి నుంచి చిత్తూరు ఆఫీసుకు మార్చారు. భార్య కుముదవల్లి తిరుపతిలో టీచరు. ఆమె ఉద్యోగం వదిలి రాలేదు, అతను ఉద్యోగం వదిలి ఉండలేడు. కూతురు గోద అప్పటికింకా కడుపులో ఉంది. "ఆరు నెలలు ఓర్చుకో, వచ్చేస్తా" అని చెప్పి బస్సెక్కాడు. ఆ ఆరు నెలలు ఇంకా అయిపోలేదు.

అడ్డుపడ్డది పగవాడైతే నోరారా తిట్టుకోవచ్చు. ఇక్కడ అడ్డుపడ్డది అభిమానం. ఆఫీసరు పరంధామయ్యగారికి భార్య పోయింది. సాయంత్రమైతే ఖాళీ ఇంటికి వెళ్ళబుద్ధి కాక, క్లబ్బులో దొరల కాలం నాటి బిలియర్డ్స్ బల్ల దగ్గర చేరేవారు. మిగతా ఆఫీసర్లంతా పేకాట మనుషులు. ఒకరోజు ఫైలు మీద సంతకం కోసం వచ్చిన సారంగపాణి చేతిలో బంతులు కొట్టే క్యూ కర్ర పెట్టి, "ఒక ఆట ఆడప్పా" అన్నారు. గుమాస్తా కాదంటాడా? ఆడాడు. ఖర్మకొద్దీ చెయ్యి కుదిరింది. కొన్నాళ్ళకే ఆఫీసరుగారిని ఓడించేశాడు కూడా.

మర్నాడు ఆఫీసులో అతని ఫైళ్ళన్నింటికీ తప్పులు మొలిచాయి. బుద్ధొచ్చి, ఆ సాయంత్రం బంతుల్ని ఎటు పడితే అటు కొట్టి చిత్తుగా ఓడిపోయాడు. పరంధామయ్యగారు క్యూ కర్ర బల్ల మీద పడేసి, "నాకు బిచ్చమేస్తా ఉండావా?" అని వెళ్ళిపోయారు. అప్పటికి సారంగపాణికి తత్వం బోధపడింది. ఓడిపోవాలి, కానీ వెంట్రుకవాసిలో ఓడిపోవాలి.

ఇక సాధన మొదలైంది. ఆఫీసరు రావడానికి ముందే క్లబ్బుకు చేరేవాడు. బంతులు తీసిపెట్టి లెక్క చెప్పే మార్కరు మునిరత్నం బల్ల మీది గుడ్డ తీసి, తన బీడీ తాను కాల్చుకుంటూ ఊరుకునేవాడు. భుజం కదలకూడదు. మోచెయ్యి కదిలీ కదలనట్టుండాలి. కర్రను పిడికిలితో కాదు, వేళ్ళతో పట్టుకోవాలి. తెల్లబంతి పోయి ఎర్రబంతిని తాకితే, ఆ ఎర్రబంతి బల్లకు పరిచిన పచ్చ బనాతు మీద తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి, బంతి పడే మూల పాకెట్టు నోటిదాకా పోయి, లోపలికి తొంగిచూసి ఆగిపోవాలి. కాస్త ఎక్కువైతే పడిపోతుంది. కాస్త తక్కువైతే దొంగతనం బయటపడుతుంది. ఆ మధ్యనున్న వేగాన్ని పట్టుకోవడానికి ఏడాది పట్టింది. పట్టుబడ్డాక మాత్రం తప్పలేదు. "అయ్యో, రవ్వంతలో పోయిందప్పా!" అని పరంధామయ్యగారు జాలిపడి, ఆగిన బంతిని తానే లోపలికి తోసి, చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు.

ఆయన ఎంత మురిస్తే బదిలీ అంత వెనక్కి పోయింది. అడిగినప్పుడల్లా, "నువ్వు పోతే నాకెవరుండారప్పా ఈ ఊళ్ళో?" అనేవారు. సరిగ్గా ఓడకపోతే కోపం, సరిగ్గా ఓడితే ప్రేమ. ఏ దారిన పోయినా చిత్తూరే.

ఆదివారం మాత్రం పొద్దున బస్సుకు తిరుపతి వెళ్ళేవాడు. దారిలోని పూతలపట్టు ఊరు దాటితే గాని నవ్వు వచ్చేది కాదు. గోదను గచ్చు మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, ఇవతలి గోడ దగ్గర్నుంచి నిమ్మకాయ దొర్లించేవాడు. అది నెమ్మదిగా పోయి గోద బొటనవేలికి తగిలి ఆగేది. పిల్ల కిలకిలా నవ్వేది.

"చూడు, ఎన్నిసార్లు దొర్లించినా ఆ వేలికాడే" అని కుముదవల్లికి గొప్పలు పోయేవాడు. "ఈ చెయ్యి తప్పేదే లేదు."

"ఆ చేత్తోనే ఒక సంతకం పెట్టించుకోని రాండి" అనేది ఆమె.

ఒక ఆదివారం సాయంత్రం అతను ఇంకా చెప్పుల్లో కాలు పెట్టనేలేదు, గోద వాకిట్లోకి వచ్చి టాటా చెప్పేసింది. ఏడవలేదు, చెయ్యి పట్టుకోలేదు. నాయన అంటే పోయే మనిషని దానికి అర్థమైపోయింది. సారంగపాణి బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

మర్నాడు ఆఫీసరు బల్ల ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. "సార్, నా బిడ్డ నన్ను చుట్టం కింద చూస్తా ఉండాది. ఈసారైనా పంపించండి."

పరంధామయ్యగారు చేతిలోని ఫైలు మూసి పక్కన పెట్టారు. "తిరుపతిలో ఒక సీటు ఖాళీ ఉండాది. శనివారం ఆట ఆడదాం. గెలిస్తే ఆడికాడే సంతకం పెడతా. ఓడితే ఈడే ఉండు, మళ్ళీ అడగబాక. మనసు పెట్టి ఆడు."

సారంగపాణి పందెం సంగతి కుముదవల్లికి వెంటనే కార్డు రాశాడు. ఆ వారమంతా పాత విద్యను మరిచే సాధన చేశాడు. మూల పాకెట్టు ఇరుకు, గట్టిగా కొడితే బంతి దాని అంచులకు కొట్టుకుని బయటికి వస్తుంది. కాబట్టి దెబ్బ మెత్తగానే ఉండాలి, రవ్వంత వేగం మాత్రం పెరగాలి. పెంచాడు. కొట్టిన ప్రతి బంతీ పడింది. ఆ సంగతీ ఇంకో కార్డులో కుముదవల్లికి రాశాడు.

"పడతా ఉండాది సామీ" అన్నాడు మునిరత్నం, బంతిని పాకెట్టు కింది సంచిలోంచి తీస్తూ. "ఇంగ మీరు చిత్తూరు నీళ్ళు తాగే పన్లేదు."

శనివారం పరంధామయ్యగారు ఎన్నడూ లేనంత బాగా ఆడారు. సారంగపాణీ ఆడాడు. చివరికి ఇద్దరి లెక్కా సమానమై, ఎర్రబంతిని ఒక్కసారి పాకెట్టులో వేస్తే చాలన్నంత దాకా వచ్చింది. ముందు వేసినవాడిదే ఆట. వంతు సారంగపాణిది. ఎర్రబంతి మూల పాకెట్టుకు జానెడు దూరంలో, నేరుగా ఉంది. మునిరత్నం బీడీ కింద పడేసి తొక్కాడు.

సారంగపాణి వంగాడు. పాకెట్టు అవతల ఎప్పటిలాగే పరంధామయ్యగారు, నెరిసిన మీసం, ఆశగా చూసే ఆ కళ్ళు. రవ్వంత ఎక్కువ, రవ్వంత ఎక్కువ అనుకుంటూ కొట్టాడు. కర్ర బంతిని తాకిన క్షణమే వేళ్ళకు తెలిసిపోయింది. మూడేళ్ళుగా ఆ ముఖం ఎదురుగా ఉండగా కొట్టిన దెబ్బే అది. ఎర్రబంతి తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి, పాకెట్టు నోటి దగ్గర తొంగిచూసి ఆగింది.

పరంధామయ్యగారు తన వంతు ఆడలేదు. క్యూ కర్రను గోడకు ఆనించి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మూడేండ్లుగా నువ్వు కావాలనే ఓడిపోతా ఉండావని నాకు తెలీదనుకున్నావా? ఇంత మెత్తగా ఎవురూ తప్పరప్పా. అందుకే ఈ పందెం పెట్టినా. పోవాలనుంటే ఈ పూట గెలిచి పోతాడులే, తలుపు తీసిపెడదాం అనుకున్నా." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "తలుపు తీసినా నువ్వు పోలేదే. నన్ను ఒంటిగా ఇడిసి పోను నీకు మనసు రాలేదే."

"సార్, నేను నిజంగానే..."

"చెప్పబాక. చెప్తే దాని విలువ పోతాది."

సారంగపాణి సాక్ష్యం కోసం మునిరత్నం వైపు చూశాడు. మునిరత్నం తల ఎత్తకుండా బల్ల మీద గుడ్డ కప్పుతున్నాడు. వారమంతా పడిన బంతి ఆ పూట ఆగడానికి ఆఫీసరు చెప్పిందే కారణమని వాడికీ తోచింది.

ఆదివారం కుముదవల్లి వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. అతని ముఖం చూసి లోపలికి దారి ఇచ్చింది. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఒక్క మాట దాచలేదు.

"చెయ్యి తప్పిందా?" అంది ఆమె.

"తప్పింది."

"వారమంతా పడతా ఉండాదని మీరే రాసినారు గదా."

"ఆ పూట పడలేదు కుమూ. గోద మీద ఒట్టు."

"బిడ్డ మీద ఒట్టెందుకు? మీకు రావాలని ఉండాదా లేదా, అది చెప్పండి చాలు."

అతను నోరు తెరిచేలోగా గోద నిమ్మకాయ తెచ్చి చేతిలో పెట్టి, ఎదురుగోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది. కనీసం ఇదైనా తప్పిపోతే బాగుండు, పిల్లను దాటి మంచం కిందకు పోతే బాగుండు అనుకున్నాడు సారంగపాణి. కావాలనే కాస్త గట్టిగా తోశాననుకున్నాడు కూడా. నిమ్మకాయ గచ్చు మీద దొర్లింది, నెమ్మదించింది, గోద బొటనవేలికి తగిలి ఆగింది.

కుముదవల్లి ఆ నిమ్మకాయను చూసింది. అతని చేతిని చూసింది. అడిగినదానికి జవాబు దొరికినట్టు తలాడించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఇంగోసారి నాయనా" అంది గోద.